ఇన్‌హేలర్ మొదలుపెడితే ఇక జీవితాంతం అదేనా?

ఈ శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆస్తమా గురించే. నాలుగింటికి జవాబులు రాస్తున్నాను.

డాక్టరుగారూ, మాది కూకట్‌పల్లి. మా బాబుకి ఆరేళ్లు. జలుబు చేసిందంటే చాలు, రాత్రి రెండింటికి లేచి దగ్గుతాడు. ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తాయి. ఆస్తమా అని చెప్పి పొద్దున రెండు, రాత్రి రెండు పఫ్‌లు స్టెరాయిడ్ ఇన్‌హేలర్ రాశారు. "ఇంత చిన్నవాడికి అప్పుడే పంపు అలవాటు చేస్తారా" అని మా అత్తగారు ఒప్పుకోవడం లేదు. ఎత్తు పెరగడని కూడా అంటున్నారు. సిరప్‌తోనే నెట్టుకొస్తున్నాం. పడకగదిలో దోమల కాయిల్ వెలిగిస్తాం, అది చెప్పమన్నారు కాబట్టి రాస్తున్నాను.

అమ్మా, ముందు ఆ సిరప్ సీసా తీసి లేబుల్ చదవండి. సాల్‌బుటమాల్ అని ఉంటే, సాధారణంగా 5 మిల్లీలీటర్లలో 2 మిల్లీగ్రాములు, అంటే 2000 మైక్రోగ్రాముల మందు ఉంటుంది. అదే మందు ఇన్‌హేలర్‌లో ఒక పఫ్‌కి 100 మైక్రోగ్రాములే. ఒక చెంచా సిరప్ ఇరవై పఫ్‌లతో సమానం అన్నమాట. అదంతా కడుపులోకి పోయి, రక్తంలో కలిసి, ఒళ్లంతా తిరిగితే గానీ ఊపిరితిత్తులకు చేరదు. సిరప్ తాగాక పిల్లల చేతులు వణకడం, గుండె దడదడలాడటం, నిద్రపట్టక దొర్లడం అందుకే. "ఇన్‌హేలర్ పెద్ద మందు, సిరప్ చిన్న మందు" అన్న మాట తలకిందులు. మీ అత్తగారికి ఈ లెక్క చూపించండి. ఆవిడకు మనవడి మీద ప్రేమే కదా, అర్థం చేసుకుంటారు.

పైగా సిరప్ బిగుసుకుపోయిన ఊపిరి గొట్టాలను కాసేపు వదులు చేస్తుంది, అంతే. లోపలి గోడల వాపు అలాగే ఉంటుంది. దాన్ని తగ్గించేది మీకు రాసిన స్టెరాయిడ్ ఇన్‌హేలర్. బాబు హాయిగా ఆడుకుంటున్న రోజు కూడా అది వేయాలి. ఇక అలవాటు సంగతి. ఇన్‌హేలర్ మానేస్తే ఆస్తమా తిరగబెట్టవచ్చు, అది జబ్బు గుణమే కానీ మందు గుణం కాదు. బీపీ మాత్ర మానేస్తే బీపీ పెరిగినట్టే. దాదాపు మూడు నెలలు దగ్గూ పిల్లికూతలూ లేకుండా గడిస్తే మీ డాక్టరే మోతాదు తగ్గించడం మొదలుపెడతారు. పెరిగేకొద్దీ బాధ బాగా తగ్గిపోయే పిల్లలు చాలామంది.

ఎత్తు గురించి దాచకుండా చెబుతాను. మొదటి ఏడాది పెరుగుదల అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు వరకు తగ్గవచ్చు. ఏళ్ల తరబడి వాడినవాళ్లకు పెద్దయ్యాక తేడా ఒక సెంటీమీటరు అటూ ఇటూ. రాత్రుళ్లు నిద్రలేక, మాటిమాటికీ స్టెరాయిడ్ మాత్రలు మింగే పిల్లవాడు నష్టపోయేది ఇంతకంటే ఎక్కువే.

నా దగ్గరికి వచ్చే పిల్లల్లో సగం మందికి మందు సరైనదే ఉంటుంది, పీల్చే పద్ధతే తప్పు. ఒకసారి ఒక పాపని నా ముందే వాడి చూపించమన్నాను. వాళ్ల నాన్న డబ్బా నొక్కాడు, మందంతా తెల్లటి పొగలా పెదాల పక్కనుంచి బయటికి వచ్చేసింది. ఎనిమిది నెలలుగా అలాగే వేస్తున్నారట! మీరు స్పేసర్, అంటే ఇన్‌హేలర్‌కీ నోటికీ మధ్య తగిలించే ప్లాస్టిక్ గొట్టం, తప్పకుండా కొనండి. డబ్బా బాగా కుదిపి, ఒక్క పఫ్ కొట్టి, అయిదారు సార్లు మామూలుగా ఊపిరి తీసుకోనివ్వండి. రెండో పఫ్‌కి మళ్లీ కుదపాలి. తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. స్పేసర్‌ని సబ్బునీళ్లలో ముంచి తీసి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరబెట్టండి. తుడిస్తే మందు దాని గోడలకే అంటుకుపోతుంది. డబ్బా మీద 200 అని ఉంటే రోజుకు నాలుగు చొప్పున 50 రోజులకు అయిపోతుంది. ఆ తర్వాత కూడా బుస్సుమంటుంది కానీ అందులో మందు ఉండదు. మొదలుపెట్టిన తేదీ డబ్బా మీద పెన్నుతో రాసుకోండి.

కాయిల్ మాత్రం ఈ రాత్రి నుంచే ఆపేయండి. ఒక కాయిల్ కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళితో సమానమని 2003లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. దోమతెర కట్టండి.

రిటైర్డ్ టీచర్ని, మలక్‌పేట. వయసు 66. ఇరవై ఏళ్లుగా ఆస్తమా ఉన్నా ఇన్‌హేలర్‌తో బాగానే నడిచింది. రెండు నెలలుగా ఒక అంతస్తు ఎక్కినా ఆయాసం. మందుల్లో మార్పేమీ లేదు, నీటికాసులకు కంట్లో వేసుకునే చుక్కలు తప్ప.

మాస్టారూ, మీరు "తప్ప" అని పక్కన పెట్టిన ఆ చుక్కల సీసానే ముందు చూడండి. దాని మీద టిమోలాల్ అని ఉంటే చాలావరకు కారణం దొరికినట్టే. కంట్లో వేసిన చుక్క కన్నీటి గొట్టం గుండా ముక్కులోకి, అక్కణ్నుంచి రక్తంలోకి పోతుంది. ఆస్తమా ఉన్నవాళ్లలో ఊపిరి గొట్టాలను బిగించేస్తుంది. అయితే మీ అంతట మీరు ఆపకండి, కంటిలో ఒత్తిడి పెరిగితే చూపు పోతుంది. ఈ రోజే కంటి డాక్టరుకు ఆస్తమా ఉందని చెప్పండి. వేరే రకం చుక్కలున్నాయి, మారుస్తారు. వణుకుకో, మైగ్రేన్‌కో వాడే ప్రొప్రనొలాల్ మాత్రతోనూ ఇదే ఇబ్బంది. కొందరికి ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కూడా పడవు.

చుక్కలు మార్చినా తగ్గకపోతే ఊదే పరీక్షతో పాటు గుండె పరీక్ష కూడా చేయించుకోండి. మీ వయసులో ప్రతి ఆయాసమూ ఆస్తమా కాదు.

ఉప్పల్ నుంచి రాస్తున్నాను. అయిదో నెల. బిడ్డకు ప్రమాదమని ఇన్‌హేలర్ మానేశాను. రాత్రిళ్లు పడుకోలేకపోతున్నాను.

ఈ రోజే మళ్లీ మొదలుపెట్టు తల్లీ, రేపు డాక్టరును కలువు. నీకు గాలి అందకపోతే లోపలి బిడ్డకూ అందదు. బిడ్డ బరువు తగ్గడం, నెలలు నిండకముందే కాన్పు కావడం లాంటి ముప్పు అదుపులో లేని ఆస్తమాతోనే. బుడెసొనైడ్ లాంటి స్టెరాయిడ్ ఇన్‌హేలర్లను గర్భిణులు ఎంతోకాలంగా వాడుతున్నారు.

ఆటో నడుపుతాను, లంగర్‌హౌజ్. 38 ఏళ్లు. దుమ్ముకి దమ్ము లేస్తుంది. నీలం ఇన్‌హేలర్ నెలకొకటి అయిపోతోంది. ఈసారి మృగశిర కార్తెకు నాంపల్లిలో చేప ప్రసాదం తీసుకుని దీన్ని వదిలేద్దామనుకుంటున్నాను.

తమ్ముడూ, మా నాన్నకూ ఆస్తమా. నాకు పదకొండేళ్లప్పుడు ఆయన వెంట దూద్‌బౌలిలో లైన్లో నిలబడ్డాను. అప్పట్లో ప్రసాదం అక్కడే ఇచ్చేవారు. నోట్లో పసుపు ముద్దతో కొర్రమీను పిల్లను మింగి, కళ్లనీళ్లు తుడుచుకుంటూ నాన్న నవ్విన నవ్వు నాకింకా గుర్తే. ఆ ఆనందంలో మాత్రలన్నీ మానేశారు. ఎవరూ మానమనలేదు, ఆయనే అనుకున్నారు. వినాయక చవితి దాటిన వారానికి ఒక రాత్రి మంచం మీద ముందుకు వంగి, మోకాళ్ల మీద మోచేతులు ఆనించి, ఒక్క మాట కూడా పూర్తిచేయలేక కూర్చున్నారు. అమ్మ రిక్షా కోసం పరుగెత్తింది. బతికారు. నేను ఈ చదువు చదివింది ఆ రాత్రి వల్లే.

నీ నమ్మకాన్ని నేను కాదనను. కానీ ఆ ప్రసాదం ఆస్తమాను తగ్గిస్తుందనడానికి శాస్త్రీయ రుజువు లేదు. వెళితే జేబులో ఇన్‌హేలర్ పెట్టుకుని వెళ్లు, వచ్చాక మందు మానకు.

నన్ను ఎక్కువ భయపెట్టింది నీ నీలం ఇన్‌హేలర్, అంటే సాల్‌బుటమాల్ లెక్క. ఏడాదికి మూడు డబ్బాలు వాడినా ఆస్తమా అటాక్‌ల ప్రమాదం పెరుగుతుంది. పన్నెండంటే ప్రాణాల మీదికి రావచ్చు. అది గొట్టాలను వదులు చేస్తుందే గానీ వాపు తగ్గించదు. అందుకే పెద్దవాళ్లకు అదొక్కటే ఇవ్వొద్దని అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శకాలు 2019 నుంచి చెబుతున్నాయి. నీకు స్టెరాయిడ్ కలిసిన ఇన్‌హేలర్ కావాలి. ఖర్చు గురించి టెన్షన్ వద్దు. ఎర్రగడ్డలో ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి ఉంది, ఈ వారంలోనే ఓపీకి వెళ్లు. పాత డబ్బాలన్నీ సంచిలో వేసుకుపో, ఎన్ని వాడావో వాళ్లకు కనబడాలి. ఆటోలో మాస్కు పెట్టుకో. ఆగి ఉన్నప్పుడు లారీ వెనకాల నిలపకు.

దమ్ము లేచి మాట తెగిపోతున్నా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుంటున్నా, పెదాలు నీలంగా మారినా ఆటో పక్కన ఆపి 108కి ఫోన్ చెయ్యి. పడుకోకు, నిటారుగా కూర్చో. అంబులెన్స్ వచ్చేలోగా నీలం ఇన్‌హేలర్ స్పేసర్‌తో ఒక్కొక్కటిగా నాలుగు పఫ్‌లు తీసుకో. నాలుగు నిమిషాలు ఆగి, తగ్గకపోతే మళ్లీ నాలుగు. ఈ మాటలు మీ ఇంటావిడకూ, స్టాండులో నీ పక్కన ఆటో పెట్టే ఇద్దరికీ చెప్పి ఉంచు.