మీటియర్ 350 మలుపుల్లో బయటికి పోతోంది, వెనక వెడల్పు టైరు వేయిస్తే సరిపోతుందా?

మీరు రాసింది చదివాను. పల్సర్ అమ్మేసి సెకండ్ హ్యాండ్ రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 తీసుకున్నారు, కొండవీడు ఘాట్ ఎక్కేటప్పుడు ప్రతి మలుపులోనూ బండి అవతలి పక్కకి వెళ్ళిపోతోంది, వెనక టైరు వెడల్పుది వేయించి షాకబ్జర్లు పొట్టివి పెట్టించమని మీ ఫ్రెండ్ చెప్తున్నాడు. దయచేసి ఆ రెండూ చేయించకండి. అందులో మొదటిది నేను చేయించుకుని చూశాను.

నాదీ అదే బండి, 2021 నుంచి నడుపుతున్నా. విజయవాడలో ఇల్లు, గుంటూరులో ఉద్యోగం. వారంలో ఆరు రోజులు అదే హైవే. వెనక టైరు అరిగిపోతే, కంపెనీ ఇచ్చిన 140/70-17 (మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో) బదులు 150 వెడల్పుది వేయించుకోమని షాపులో చెప్పారు, లుక్ బాగుంటుందని నేనూ సరే అన్నాను. మూడో రోజుకే కనకదుర్గ ఫ్లైఓవర్ వంపులో తేడా తెలిసింది. బండి వంగనని మొరాయిస్తోంది, బలవంతంగా వంచితే మళ్ళీ నిటారుగా లేస్తోంది.

కారణం తర్వాత అర్థమైంది. బండి వంగినప్పుడు టైరు నేలకి తగిలే చోటు మధ్య గీత నుంచి పక్కకి జరుగుతుంది. టైరు వెడల్పు పెరిగేకొద్దీ అది ఇంకా ఎక్కువ జరుగుతుంది. అంటే అదే మలుపు, అదే స్పీడు అయినా బండిని ఇంకాస్త ఎక్కువ వంచాలి. మన మీటియర్ లాంటి క్రూయిజర్‌కి, అంటే కాళ్ళు ముందుకి చాపి తీరిగ్గా నడిపే బండికి, అసలు లోటే వంగడంలో ఉంది కదా, ఫుట్‌రెస్టులు కిందకి ఉంటాయి, తొందరగా నేలకి తగులుతాయి. ఉన్న కొంచెం అవకాశాన్నీ డబ్బిచ్చి తగ్గించుకున్నట్టయింది. పైగా రిమ్ము పాతదే, దాని కొలతకి మించిన టైరు ఎక్కిస్తే ఆకారమే మారిపోతుంది. షాకబ్జర్లు పొట్టివి పెట్టించడం ఇంకా చెడ్డ పని. వెనక భాగం కిందకి దిగితే ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు ఇంకా వాలుతుంది, హ్యాండిల్ బద్ధకంగా తిరుగుతుంది, ఫుట్‌రెస్టు ఇంకా ముందే గీరుకుంటుంది.

నన్ను బాధపెట్టిన విషయం ఇంకోటి ఉంది. నా బండి అంతకుముందు నుంచే సరిగ్గా తిరగడం లేదు, తప్పంతా ఆ అరిగిన పాత టైరుదే. తీసి పక్కన పెట్టాక దాని మీద అడ్డంగా అరచెయ్యి పెట్టి చూశాను. కొత్త టైరు మీద చెయ్యి పెడితే గుండ్రంగా, కొబ్బరి బోండాం మీద పెట్టినట్టు ఉంటుంది. నా పాత టైరు మధ్యలో మూడు వేళ్ళ వెడల్పున బల్లలా చదును, దానికి రెండు వైపులా వేలికి తగిలే అంచు. రోజూ తిన్నగా హైవే మీద పోతే మధ్యభాగం ఒక్కటే అరుగుతుంది. అలాంటి టైరు మీద బండిని వంచినప్పుడు ఆ అంచు దాటేదాకా వంగదు, దాటగానే ఒక్కసారిగా పడుతున్నట్టు ఉంటుంది. మీది సెకండ్ హ్యాండ్ కాబట్టి ముందు ఈ పరీక్ష చేయండి, ముందు టైరుకీ చేయండి. గాట్లు ఇంకా లోతుగానే ఉన్నాయి కదా అని ఊరుకోకండి, ఆకారం పోతే టైరు పోయినట్టే. నేను మళ్ళీ 140/70-17 వేయించాకే సగం సమస్య తీరింది.

గాలి విషయం చిన్నదే కానీ చాలామంది వదిలేస్తారు. పొద్దున్న టైరు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. వారధి దాటి మంగళగిరి దాకా పోయి బంకులో పట్టిస్తే, వేడికి ఎక్కువ చూపిస్తుంది, కావలసినదానికన్నా తక్కువతో తిరిగొస్తారు. ముందు టైరులో గాలి తగ్గితే హ్యాండిల్ బరువెక్కుతుంది. మాన్యువల్‌లో ఉన్న నంబరే పెట్టండి.

తర్వాత మెయిన్ స్టాండ్ వేసి, ఇంకొకరిని వెనక నొక్కమని ముందు చక్రాన్ని గాల్లోకి లేపండి. హ్యాండిల్‌ని ఒక వేలితో మెల్లగా అటూ ఇటూ తిప్పండి. మధ్యలో ఎక్కడైనా చిన్న గుంటలో పడ్డట్టు ఆగితే కోన్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగులు, పోయినట్టు. ఆటోనగర్‌లో చేయి తిరిగిన మెకానిక్ ఎవరైనా మార్చేస్తారు. ఈ గుంట ఉన్న బండిని మలుపులో ఎంత బాగా నడిపినా అది తిన్నగానే పోవాలని చూస్తుంది. వెనక షాకబ్జర్ల స్ప్రింగు బిగువుకి ఆరు మెట్ల సర్దుబాటు ఉంది, అది కూడా చూడండి. పాత ఓనరు ఏ మెట్టులో వదిలేశారో తెలియదు కదా. వెనక మనిషిని ఎక్కించుకుని ఘాట్ ఎక్కుతుంటే ఒకటి రెండు మెట్లు పెంచండి, బండి వెనక్కి కుంగదు.

ఇవన్నీ సరిచేసుకున్నాక మిగిలేది మన చేతులూ కళ్ళూ. పల్సర్ మీద అలవాటైన చేతులు మీటియర్‌ని హ్యాండిల్ పట్టుకుని తిప్పాలని చూస్తాయి. ఇది 191 కిలోల బండి, ముందు 19 అంగుళాల చక్రం, అలా తిరగదు. కౌంటర్ స్టీరింగ్ వాడాలి. ఎడమకి పోవాలంటే ఎడమ గ్రిప్‌ని ముందుకి నెట్టాలి. కిందకి కాదు, పక్కకి కాదు, ముందుకి. బండి ఎడమకి వంగుతుంది, వంగాక అదే తిరుగుతుంది. మొదటిసారి నమ్మకం కుదరదు. ఖాళీ రోడ్డు మీద 40లో పోతూ మెత్తగా ఒక్కసారి నెట్టి చూడండి, మీ శరీరానికే తెలుస్తుంది. చూపు మలుపు చివరికి ఉండాలి. ఎదురొస్తున్న లారీ వైపు చూస్తే బండి లారీ వైపే పోతుంది.

స్పీడు గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. ఘాట్‌లో 20 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపు అనుకోండి. 30 కిలోమీటర్ల స్పీడులో దాన్ని తిరగడానికి దాదాపు 20 డిగ్రీలు వంగితే చాలు. 40లో అదే మలుపుకి 32 డిగ్రీలు కావాలి. పెరిగింది పది కిలోమీటర్లే, వంపు మాత్రం ఒకటిన్నర రెట్లు దాటింది. స్పోర్ట్స్ బైకుకి ఆ 32 లెక్కలోది కాదు, మన బండికి అది ఫుట్‌రెస్టు కింద గీరుకునే పరిస్థితి. అందుకే మలుపులోకి పోకముందే, బండి నిటారుగా ఉండగానే రెండు బ్రేకులూ వేసి స్పీడు తగ్గించండి. గేరు కూడా అప్పుడే మార్చండి. లోపలికి వెళ్ళాక ఎక్సలేటర్ కొద్దిగా తెరిచే ఉంచండి. భయపడి ఒక్కసారిగా మూసేస్తే ముందు భాగం కుంగుతుంది, నేలకీ ఫుట్‌రెస్టుకీ మధ్య ఖాళీ తగ్గిపోతుంది. వంగి ఉన్నప్పుడు ముందు బ్రేకు గట్టిగా పట్టుకుంటే బండి లేచి నిలబడి తిన్నగా బయటికి పోతుంది. మీరు చెప్పిన "అవతలి పక్కకి పోవడం" చాలావరకు ఇదే అయ్యుంటుందని నా అంచనా. స్పీడు ఎక్కువై లోపలికి వెళ్ళడం, మధ్యలో బెదిరి బ్రేకు పట్టడం.

ఘాట్ మలుపుల్లో తల, లోపలి భుజం మలుపు వైపు అద్దం దాకా వంచండి. కాళ్ళు ముందుకి చాపి కూర్చునే బండి కాబట్టి ఫుట్‌రెస్టు మీద బరువు వేసి లేవడం కుదరదు, బయటి మోకాలితో ట్యాంకుని నొక్కి పట్టుకోండి. మీరు అలా వంగితే బండి అంతగా వంగక్కర్లేదు. ఎప్పుడైనా కింద గర్రుమని గీరుకున్న చప్పుడు వస్తే ఉలిక్కిపడకండి, పట్టు వదలకండి, అలాగే మెల్లగా బయటికి వచ్చేయండి. ఇంటికొచ్చాక ఫుట్‌రెస్టు చివర్ని చూడండి. అది ఎంత అరిగిందో చూస్తే మీరెంత హద్దులో ఉన్నారో తెలుస్తుంది.

ఉండవల్లి నుంచి అమరావతి పోయే కరకట్ట రోడ్డు మీద మాత్రం ఈ సాధన చేయకండి. మలుపులు బాగుంటాయి, నేనూ మొదట అక్కడికే పోయాను. ఇసుక లారీల నుంచి రాలిన ఇసుక సరిగ్గా మలుపు లోపలి అంచునే పేరుకుంటుంది, ఎండలో రోడ్డు రంగులో కలిసిపోయి కనపడదు. కోతల రోజుల్లో పల్లె రోడ్ల మీద ఆరబోసిన వడ్లు కూడా అంతే జారుడు.

ఆదివారం పొద్దున్నే ఏదైనా ఖాళీ గ్రౌండ్ చూసుకుని యూ టర్న్‌తో మొదలుపెట్టండి. క్లచ్ సగం పట్టి, వెనక బ్రేకు మెత్తగా తొక్కుతూ, తల పూర్తిగా వెనక్కి తిప్పి పోవాల్సిన చోటుకే చూడాలి. మెల్లగా పోతున్నప్పుడు ముందు బ్రేకు ముట్టుకోకండి. నాకు మొదటి రోజు తిరగడానికి ఎనిమిది అంగల వెడల్పు పట్టింది, నెల తిరిగేసరికి అయిదు అంగల్లో తిప్పాను. ఆ తర్వాతే కొండవీడు వెళ్ళాను.