ఇవాళ్టికి పని జరిగితే చాలు

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. ఏ యాప్‌లో రాయాలి, నోట్సు ఎలా దాచుకోవాలి, ఏ వేళ కూర్చుంటే రాయబుద్ధవుతుంది, మొదటి వాక్యం ఎలా ఉండాలి, ఇవన్నీ తేలితే గానీ కథ ముందుకు కదలదంటున్నావు. ఇవి ఉత్త సాకులని నేననను. రాసే ప్రతివాడికీ ఎదురయ్యే చిక్కులే. కాకపోతే అన్నింటికీ అత్యుత్తమమైన పరిష్కారమే దొరకాలని పట్టుబడుతున్నావు, నాకు బెంగంతా అక్కడే.

మనుషులు నిర్ణయాలు ఎలా తీసుకుంటారో జీవితమంతా పరిశీలించిన హెర్బర్ట్ సైమన్‌కి 1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆయన గమనించింది ఇది: ఉన్న దారులన్నీ తూచి చూసి అన్నింటికన్నా మంచిది ఎంచుకునేంత సమయం గానీ, సమాచారం గానీ మనిషి దగ్గర ఉండవు. అందుకే ఇంత ఉంటే చాలని ఒక గీత గీసుకుని, దాన్ని దాటిన మొదటి దారినే పట్టుకుంటాడు. నువ్వు గీత గీసుకోకుండానే వెతుకుతున్నావు. అందుకే ఏది దొరికినా తృప్తి లేదు. నోట్సు సంగతే చూడు. రాసుకున్నది వెతికితే రెండు నిమిషాల్లో దొరకాలి, అదే గీత. పేజీ పైన తేదీ వేసుకున్న మామూలు నోటుబుక్కుతో ఆ పని జరిగిపోతుంది. ఇంక దాని గురించి ఆలోచించకు.

ఇప్పుడు నీ కథ. రాత్రి భార్యాభర్తల గొడవ, పొద్దున ఆమె ఇల్లు వదిలి వెళ్లడం. ఈ రెండింటి మధ్య రాత్రిని ఎలా దాటించాలో తెలియక ఆగిపోయావు. కల పెట్టి చూశావు, వెన్నెల పెట్టావు, గోడగడియారం చప్పుడు కూడా పెట్టావు. అన్నీ తీసెయ్. గొడవ ముగిసిన చోట పేరా ఆపి, కింద ఇలా రాయి: ‘తెల్లవారగానే ఆమె పెట్టె సర్దుకుంది.’ అంతే. రాత్రిని పాఠకుడే దాటుకుంటాడు, వాడికా పని చేతనవును.

ఇలా రాసి చదువుకున్నాక ఏదో లోటు కనిపించవచ్చు. నాకైతే ఒకటి కనిపించింది. ఆ రాత్రి భర్త ఎలా గడిపాడో తెలియడం లేదు, అతని మీద మనకు జాలి కలగాలా వద్దా అన్నది తేలడం లేదు. అప్పుడు ఇంకొక్క ముక్క చేర్చు: ‘అతని పక్క నలగలేదు.’ కథకు కావలసింది ఆ మూడు మాటలే. సాదా వాక్యం కాగితం మీద పడ్డాకే ఆ లోటు బయటపడింది చూడు. కల, వెన్నెల అడ్డంగా ఉన్నన్నాళ్లూ అది నీకు కనిపించలేదు. ఎంత ఆలోచించినా తెలియని సంగతి, ఏదో ఒకటి చేసి చూస్తే ఇట్టే తెలుస్తుంది.

సులువైన దారి అంటే నిర్లక్ష్యం అనుకునేవు, కాదు. 1970 ఏప్రిల్‌లో చంద్రుడి వైపు వెళ్తున్న అపోలో 13 అంతరిక్ష నౌకలో ఆక్సిజన్ ట్యాంకు పేలి, లోపలి ముగ్గురూ చంద్రుడి మీద దిగడానికి ఉద్దేశించిన చిన్న నౌకలో తలదాచుకున్నారు. వాళ్లు వదిలే కార్బన్ డయాక్సైడ్ లోపల పెరిగిపోతోంది. దాన్ని పీల్చుకునే డబ్బాలు పెద్ద నౌకలో మిగిలి ఉన్నాయి గానీ అవి చతురస్రంగా ఉంటాయి, ఇక్కడి అమరికేమో గుండ్రం. భూమ్మీద ఇంజనీర్లు కొత్త యంత్రమేదీ ఆలోచించలేదు. నౌకలో ఏమున్నాయో అవే తీసుకున్నారు: ప్లాస్టిక్ సంచులు, పుస్తకాల అట్టలు, స్పేస్‌సూటు గొట్టాలు, అంటించే టేపు. ముందు తాము అమర్చి, పనిచేస్తోందని పరీక్షించి, ఆ తర్వాతే రేడియోలో ఒక్కో మెట్టూ చదివి చెప్పారు. ముగ్గురూ ప్రాణాలతో తిరిగొచ్చారు. ఆ అతుకుల డబ్బా చూడ్డానికి ఎలా ఉందని ఎవరూ అడగలేదు, కానీ గాలి అందులోంచి పోతోందా లేదా అన్నది మాత్రం ఎంతో జాగ్రత్తగా చూసుకున్నారు.

రాతలోనూ అలాంటి చోట్లున్నాయి. మనుషుల పేర్లు, సంవత్సరాలు, అంకెలు, ఒకరి పరువుకు సంబంధించిన మాట, వీటి దగ్గర ‘చాల్లే’ అనకు. నీ పట్టుదలంతా అక్కడ చూపించు. టేబుల్ ఏ గోడకు వేసుకోవాలన్న దాని మీద ఖర్చు చేయకు.

ఇంకో మాట, నొచ్చుకోకు. అంతా సరిగ్గా కుదరాలన్న తపన వెనక చాలాసార్లు నలుగురూ ఏమనుకుంటారోనన్న భయం ఉంటుంది. కథ పూర్తికానంత కాలం ఎవరూ దాన్ని బాగాలేదనలేరు కదా. ఆ టెన్షన్ నాకు తెలుసు, రాసేవాళ్లందరికీ తెలుసు. అది పోయేదాకా ఆగితే ఏ కథా పూర్తి కాదు.

కాబట్టి ఆదివారంలోగా కథ చివరిదాకా రాసి పంపు. ఎక్కడైనా ఆగిపోతే ‘ఇక్కడ వాన గురించి రాయాలి’ అని ఆ చోటే రాసుకుని ముందుకు వెళ్లిపో. అలాగే పంపినా ఫర్వాలేదు, ఆ ఖాళీల్లో ఏవి నింపాలో, ఏవి వదిలేయాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
అన్నయ్య