బ్యాగులో పెట్టుకుని బస్సెక్కడం దుర్వినియోగమా? స్లిమ్ ల్యాప్‌టాప్ హింజ్ విరిగితే వారంటీ మాటేమిటి

ప్రశ్న: నేను కాకినాడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌ని. రోజూ సామర్లకోట నుంచి బస్సులో వెళ్లి వస్తాను. ఎనిమిది నెలల క్రితం ఆన్‌లైన్‌లో 72,000 రూపాయలకు ఒక స్లిమ్ ల్యాప్‌టాప్ కొన్నాను. కార్డు మా నాన్నగారిది కాబట్టి బిల్లు ఆయన పేరు మీదే వచ్చింది. ప్రకటనలో 'మిలిటరీ గ్రేడ్ దృఢత్వం' అని పెద్దగా రాశారు. పోయిన నెల క్లాసులో మూత తెరుస్తుంటే కుడివైపు హింజ్ (మూతను బాడీకి కలిపే కీలు) దగ్గర టక్‌మని చప్పుడొచ్చి బాడీ విచ్చుకుపోయింది. స్క్రీన్ కింది మూల కూడా చిట్లింది. సర్వీస్ సెంటర్ వాళ్లు 'ఫిజికల్ డ్యామేజ్, వారంటీ వర్తించదు' అని 23,600 రూపాయల ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. నిజం చెప్పాలంటే అంతకు రెండు నెలల ముందు ఒకసారి మంచం మీద నుంచి జారి కింద పడింది. ముందువైపు ఎడమ మూల కాస్త నొక్కుకుంది, అంతకుమించి ఏమీ కాలేదు. ఈ సంగతి వాళ్లకు చెప్పలేదు. కేసు వేస్తే నిలుస్తుందా? డబ్బు కట్టి బాగు చేయించుకుంటే హక్కు పోతుందా?

జవాబు: ముందుగా ఆ పడిన సంగతి మాట్లాడుకుందాం. దాన్ని దాచకండి. వినియోగదారుల కమిషన్‌లో వేసే ఫిర్యాదుతో పాటు మీరు ప్రమాణ పత్రం (అఫిడవిట్) ఇవ్వాలి. అందులో 'ఎప్పుడూ కింద పడలేదు' అని రాస్తే, ఆ మూల నొక్కును కంపెనీ తరఫు టెక్నీషియన్ ఫోటో తీసి చూపించిన క్షణం మీ మిగతా మాటలన్నీ చెల్లకుండా పోతాయి. నిజం రాస్తే అంత నష్టమేమీ లేదు. చట్టం దగ్గర తేలాల్సింది ల్యాప్‌టాప్ ఎప్పుడైనా పడిందా అన్నది కాదు, హింజ్ విరిగింది ఆ పడడం వల్లేనా అన్నది. నొక్కు ముందువైపు ఎడమన ఉంది. విరిగింది వెనకవైపు కుడిన. మధ్యలో రెండు నెలలు అది మామూలుగా పనిచేసింది. ఇవన్నీ మీకు అనుకూలమే. అయితే ఒక మూల పడితే ఫ్రేమ్ మొత్తం మెలితిరుగుతుందని అవతలి లాయరు వాదిస్తాడు. ఫిజిక్స్ చెప్పేవారు, మీకు నేను వివరించక్కర్లేదు. అందుకే మాటల కంటే వస్తువు చెప్పే సాక్ష్యం ముఖ్యం.

అదెలా ఉంటుందో చెబుతాను. కొన్నేళ్ల క్రితం ఒక అమ్మాయి ఇలా విచ్చుకుపోయిన ల్యాప్‌టాప్‌నే నా టేబుల్ మీద పెట్టింది. టార్చి వేసి ఆ సందులోకి చూశాం. హింజ్ లోహపు రేకు చెక్కుచెదరలేదు. దాని స్క్రూలు బిగుసుకునే చిన్న ఇత్తడి బుష్‌లు మాత్రం, చిగురులోంచి పన్ను ఊడినట్టు ప్లాస్టిక్‌లోంచి ఊడి వచ్చేశాయి. చుట్టూ తెల్లగా చీలికలు. బయట మాత్రం ఒక గీత లేదు, నొక్కు లేదు. దెబ్బ తగిలి విరిగితే తగిలిన చోట గుర్తు ఉండాలి కదా. లోపలి నుంచి ఊడిందంటే, మూత తెరిచిన ప్రతిసారీ పడే బలాన్ని ఆ ప్లాస్టిక్ మోయలేకపోయిందన్నమాట. సన్నగా చేయాలని ఆ భాగంలో గోడల మందం తగ్గించి, హింజ్‌ను మాత్రం గట్టిగా బిగిస్తే జరిగేది ఇదే.

మీ ఎడమవైపు హింజ్ ఇంకా బాగానే ఉందనుకుంటాను. మీకు మిగిలిన సాక్షి అదే. అది ఎంత బిగుతుగా తిరుగుతోందో చేత్తో బలవంతం చేయకుండా ఒక అనుభవమున్న టెక్నీషియన్‌కు చూపించి, వీడియో తీయించండి. విరగకముందు ఒంటి చేత్తో మూత ఎత్తితే కింది భాగం కూడా లేచేదా? గుర్తుంటే అది కూడా రాసిపెట్టుకోండి. స్క్రీన్ చిట్లిన గీతను కూడా దగ్గరగా ఫోటో తీయండి. గీత హింజ్ మూల దగ్గర మొదలై పైకి పాకితే, హింజ్ విరగడం వల్లే చిట్లిందని చెప్పుకోవచ్చు. అలా కాకుండా స్క్రీన్ మధ్యలో ఒక చుక్క నుంచి సాలెగూడులా విచ్చుకుంటే పరిస్థితి వేరు. అది సాధారణంగా కీబోర్డు మీద పెన్ను మరిచిపోయి మూత వేసినా, కిక్కిరిసిన బస్సులో బ్యాగు నలిగినా వచ్చే పగులు. అలాంటిదైతే స్క్రీన్ ఖర్చు మీద పట్టు పట్టవద్దనే నా సలహా. హింజ్ వరకే అడగండి.

ఇక చట్టం. వినియోగదారుల రక్షణ చట్టం 2019 సెక్షన్ 2(10)లో 'లోపం' అంటే ఏమిటో చెప్పారు. చట్టం ప్రకారం గానీ, ఒప్పందం ప్రకారం గానీ ఉండాల్సిన నాణ్యత లేకపోవడమే కాదు, వ్యాపారి ఏ రూపంలోనైనా చెప్పుకున్న ప్రమాణానికి వస్తువు తగ్గినా అది లోపమే. ఒప్పందం రాసి ఉండనక్కర్లేదు, పరోక్షంగా ఉన్నా చాలు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం సెక్షన్ 16 కూడా అమ్మిన వస్తువు దాని పనికి తగినదై ఉండాలనే అంటుంది. ల్యాప్‌టాప్ ఎందుకు? వెంట తీసుకెళ్లడానికి. రోజుకు పదిసార్లు మూత తెరిచి మూయడానికి. బ్యాగులో పెట్టుకుని బస్సెక్కడం దుర్వినియోగం కాదు, అది ఆ వస్తువు వాడకమే. ఈ వాక్యాన్ని మీ ఫిర్యాదులో మొదటి పేజీలోనే రాయండి. వారంటీ పత్రంలో 'ప్రమాదవశాత్తూ జరిగే నష్టం వర్తించదు' అని ఉంటుంది. ఆ షరతు చెల్లుతుంది, కాదనను. కానీ ప్రమాదమే జరిగిందని ఎలా నిర్ధారించారో కంపెనీ చెప్పాలి. ఎస్టిమేట్ మీద ఒక రబ్బరు స్టాంపు వేస్తే సరిపోదు.

'మిలిటరీ గ్రేడ్' అన్న మాట మీకు బాగా పనికొస్తుంది. అది అమెరికా రక్షణ శాఖ పరీక్షా ప్రమాణం మిల్-స్టాండర్డ్-810 గురించి. ఇప్పుడు ఎక్కువగా చెప్పుకునేది 2019లో వచ్చిన 810హెచ్. అది ఒక్క పరీక్ష కాదు. వేడి, చలి, తేమ, దుమ్ము, కుదుపు, పడటం ఇలా ఎన్నో ఉంటాయి, ఏవి ఎంత తీవ్రతతో చేయాలో వస్తువును బట్టి ఎంచుకోవచ్చు. ఆ శాఖ ల్యాప్‌టాప్‌లకు సర్టిఫికెట్ ఇవ్వదు. కంపెనీ తానే పరీక్షించుకోవచ్చు, ప్రైవేటు ల్యాబ్‌లో చేయించుకోవచ్చు. పడే పరీక్షలో ఆరు ముఖాలు, పన్నెండు అంచులు, ఎనిమిది మూలలు కలిపి 26 సార్లు పడేస్తారు. కానీ ఆ 26ను ఒకే యంత్రం భరించాలని లేదు, ఐదు నమూనాల వరకు పంచుకోవచ్చు. కొనేవాళ్లలో ఈ సంగతి ఎంతమందికి తెలుసు? మంచం మీద నుంచి జారితే ఏమీ కాదనే కదా ఆ మాట చదివి ఎవరైనా అనుకునేది!

ఇక్కడ చట్టం మీ పక్షాన గట్టిగా నిలబడింది. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) ప్రకారం, తగిన పరీక్ష చేయకుండా వస్తువు పనితీరు గురించి, మన్నిక గురించి హామీ ఇవ్వడం అనుచిత వ్యాపార పద్ధతి. తగిన పరీక్ష చేశామని కంపెనీ వాదిస్తే, దాన్ని రుజువు చేసే భారం కంపెనీదే. కాబట్టి ఈ మోడల్‌కు ఏయే పరీక్షలు, ఎంత ఎత్తు నుంచి, ఎన్ని నమూనాల మీద చేశారో, మూత ఎన్నిసార్లు తెరిచి మూసి చూశారో రిపోర్టులు దాఖలు చేయించమని కమిషన్‌ను కోరండి. కింద సన్న అక్షరాల్లో 'పరీక్ష ఫలితాలు హామీ కావు' అని రాశాం అంటారేమో. తప్పుదారి పట్టించే ప్రకటనలపై 2022 మార్గదర్శకాల ప్రకారం, పైన చెప్పిన ముఖ్యమైన మాటను కింది సన్న అక్షరాలు ఖండించకూడదు. ప్రకటన పేజీ మారిపోకముందే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. వాటిని దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 2023 సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన ధ్రువపత్రం జత చేయాలి.

బిల్లు నాన్నగారి పేరు మీద ఉందని టెన్షన్ పడకండి. కొన్నవారి అనుమతితో వాడుకునేవారు కూడా సెక్షన్ 2(7) కింద వినియోగదారులే. ఇద్దరూ కలిసి ఫిర్యాదుదారులుగా వేస్తే ఆ అభ్యంతరం పుట్టదు కూడా. కాలేజీ పాఠాలకు వాడారు కాబట్టి వాణిజ్య అవసరమన్న వాదన కూడా నిలవదు.

ఇంటర్నెట్‌లో చదివి చాలామంది 'ప్రొడక్ట్ లయబిలిటీ' (వస్తువు వల్ల జరిగిన హానికి బాధ్యత) కింద కేసు వేస్తామంటారు. మీకు అది కుదరదు. ఆ అధ్యాయంలో 'హాని' అంటే ఆ వస్తువు కాకుండా మిగతా ఆస్తికో, మనిషికో జరిగిన నష్టం. మీరు వస్తులోపం, సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి కిందే వెళ్లాలి.

బలహీనత కూడా చెప్పాలి. లోపం ఉందని రుజువు చేసే మొదటి భారం మీదే. నిపుణుడి నివేదిక లేకుండా 'తయారీ లోపం' అని నాలుగుసార్లు రాసినంత మాత్రాన ఒప్పుకోరు. సెక్షన్ 38 కింద వస్తువును సీలు వేసి తగిన ల్యాబ్‌కు పంపమని అడగొచ్చు, ఫీజు ముందు మిమ్మల్ని కట్టమనవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, ఈలోగా ల్యాప్‌టాప్‌ను ఎవరూ విప్పకూడదు. వీధి చివర షాపులో జిగురు పెట్టి అతికించారంటే ఆ ఇత్తడి బుష్‌ల సాక్ష్యం అక్కడితో సరి. ఇంకోటి, మీరు సర్వీస్ సెంటర్‌లో ఇచ్చిన రోజు జాబ్ షీట్‌లో ఏం రాశారో చూడండి. ఎడమ మూల నొక్కు తప్ప మరో దెబ్బ నమోదు కాలేదంటే ఆ కాగితం మీకు బంగారం.

పద్ధతి పెద్ద కష్టం కాదు. ముందు కంపెనీకి ఈమెయిల్ రాయండి. పడిన సంగతి చెప్పి, ఏ ఆధారంతో వారంటీ నిరాకరించారో ఫోటోలతో సహా రాతపూర్వకంగా అడగండి. 15 రోజులు గడువు ఇవ్వండి. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కూడా నమోదు చేయండి, కొన్ని వివాదాలు అక్కడే తెగిపోతాయి. కదలిక లేకపోతే మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా సరే. చెల్లించిన ధర 5 లక్షల లోపు కాబట్టి కోర్టు ఫీజు లేదు, ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయొచ్చు. తయారీ కంపెనీ, అమ్మిన వ్యాపారి, సర్వీస్ సెంటర్ ముగ్గురినీ చేర్చండి. గడువు రెండేళ్లు. సెక్షన్ 39 కింద ఉచిత రిపేరు, మార్పిడి, ధర వాపసు ఈ వరుసలో అడగండి. మారుతి కారు కేసులో 2006లో సుప్రీంకోర్టు, వారంటీ లోపమున్న భాగం మార్చడానికే పరిమితమైనప్పుడు మొత్తం కారు మార్చమనడం కుదరదని చెప్పింది. కాబట్టి కొత్త ల్యాప్‌టాప్ తప్ప మరేదీ వద్దని భీష్మించుకు కూర్చోకండి.

ఇక మీ చివరి అనుమానం. రోజూ పాఠాలు చెప్పాలి, కేసు తేలేదాకా ఆగలేనంటే డబ్బు కట్టి బాగు చేయించుకోండి. అంతమాత్రాన హక్కు పోదు. కానీ వరుస తప్పకూడదు. ముందు స్వతంత్ర టెక్నీషియన్ నివేదిక, ఫోటోలు, వీడియో. తర్వాత కంపెనీకి 'వారంటీ నిరాకరణకు అభ్యంతరం తెలుపుతూ, నా హక్కులను వదులుకోకుండా, పని ఆగకూడదని మాత్రమే ఈ మొత్తం చెల్లిస్తున్నాను' అని ఈమెయిల్. అప్పుడు చెల్లింపు. మార్చిన పాత కవరు, హింజ్, స్క్రీన్ తిరిగి ఇవ్వమని ముందే జాబ్ షీట్ మీద రాయించండి. 'పూర్తి సంతృప్తితో తీసుకున్నాను' అని అచ్చువేసిన కాగితం మీద సంతకం అడుగుతారు. దాన్ని కొట్టేసి, 'అభ్యంతరంతో తీసుకున్నాను' అని మీ చేతిరాతతో రాసి సంతకం పెట్టి, అక్కడే ఫోటో తీసుకోండి. అప్పుడు ఫిర్యాదులో మొదటి కోరిక మారుతుంది, రిపేరు బదులు ఆ 23,600 వడ్డీతో వాపసు అడుగుతారు.