వీపు మీద చెయ్యి వేయనివ్వకు

సత్యనారాయణపురం, విజయవాడ

చిట్టితల్లీ,

రోజూ పొద్దున్నే స్ట్రెచింగ్ చేస్తున్నావట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. గుంటూరులో ఆఫీసు కుర్చీకి అతుక్కుపోయి నడుము పట్టేసిందని ఏడ్చిన పిల్లవి, నీ అంతట నువ్వే మొదలుపెట్టావంటే ఎంత సంతోషమేసిందో! దసరాకి వచ్చేలోపు తల మోకాలికి ఆనిస్తానన్నావని వినగానే మాత్రం గుండె గుభేలుమంది. ఫోన్‌లో చెబితే సగమే వింటావు, అందుకే రాస్తున్నా.

పక్క మీంచి లేచీ లేవగానే వంగకు. అయిదు పది నిమిషాలు చురుగ్గా నడిచి ఒళ్లు వేడెక్కాక చెయ్యి. ఒక్కోసారి 15 నుంచి 30 సెకన్లు ఆగు, ఊపిరి బిగబట్టకు. రెండు కాళ్లకూ సమానంగా చెయ్యి. ఇవన్నీ నీకు తెలిసినవే.

మీ అమ్మ నీకు చెప్పనిది ఒకటుంది.

1984 వేసవి. నాకు పంతొమ్మిది, దానికి పదహారు. ఈ డాబా మీదే కాళ్లు చాపుకుని కూర్చుని వంగేవాళ్లం. నాకు కాలి వేళ్లు అందేవి. దాని చేతులు బెత్తెడు దూరంలో ఆగిపోయేవి. "ఉండు, నేను సాయం చేస్తా" అని వెనక నిలబడి, దాని వీపు మీద రెండు చేతులూ ఆనించి ఊపుతూ నొక్కాను. "చాలక్కా" అంది. ఇంకొక్క అంగుళమేగా అనుకున్నాను. మూడోసారి నొక్కగానే కెవ్వుమని పక్కకి ఒరిగిపోయింది, కుడి తొడ వెనక పట్టుకుని.

ఆ తర్వాత చేసింది ఇంకా పెద్ద తప్పు. తాతయ్య తిడతారన్న భయంతో వేడి నూనె పెట్టి గట్టిగా మర్దనా చేశాను. తెల్లారేసరికి తొడ వాచిపోయింది. మూడో రోజుకి మోకాలి వెనకదాకా నల్లగా కమిలింది. అప్పుడే దెబ్బతిన్న కండని రుద్దకూడదనీ, మొదటి రెండు రోజులు గుడ్డలో ఐస్ చుట్టి పెట్టి కదపకుండా ఉంచాలనీ నాకేం తెలుసు? ఆ వేసవంతా మేం చాపల మీద కూర్చుని భోంచేస్తుంటే, అది కుర్చీలో కూర్చుని కంచం ఒళ్లో పెట్టుకుని తినేది. మెట్ల మీద జారిపడ్డానని తాతయ్యకి చెప్పింది. నా పేరు ఇప్పటిదాకా ఎత్తలేదు. ఇప్పటికీ అమ్మవారి కొండ మెట్లెక్కేటప్పుడు కుడికాలు ముందు వేయదు, చూశావా?

కండని ఒక్కసారిగా లాగితే తనను తాను కాపాడుకోవడానికి బిగుసుకుంటుంది. బిగుసుకున్నదాన్ని మళ్లీ ఊపి లాగితే చిరుగుతుంది. అదే నెమ్మదిగా వంగి అక్కడే ఆగావనుకో, కాసేపటికి దానంతట అదే వదులవుతుంది. వేళ్లు అందకపోతే పాదానికి తువ్వాలు తగిలించి పట్టుకో, మోకాళ్లు కాస్త వంగినా పర్లేదు. ఎక్కడ ఆగాలో నీ ఒంటికి తెలుస్తుంది కానీ, వెనకనించి నొక్కే చేతికి తెలియదు. మాస్టరైనా, స్నేహితురాలైనా సరే, వీపు మీద చెయ్యి వేసి నొక్కనివ్వకు. చాలన్నాక కూడా వినకపోతే లేచి వచ్చేయ్, మొహమాటపడకు.

లాగినట్టుంటే సరే. పొడిచినట్టున్నా, కాల్లోకి తిమ్మిరి దిగినా ఆపేసి డాక్టరుకి చూపించు. నీ మొండితనం నాకు తెలుసు, ఇక్కడ చూపించావంటే ఊరుకోను.

ఆ దసరా గడువు తీసెయ్ బంగారం. తల మోకాలికి ఆనకపోయినా నువ్వు రా. డాబా మీద చాప వేసి ఉంచుతా. మీ అమ్మనీ కూర్చోమంటాను. నేను దాని పక్కనే కూర్చుంటాను.

పెద్దమ్మ