ఒకే గదిలో ఇనుప పని, చెక్క పని: 50 వేలలో ముందు ఏం కొనాలి?

సిరొంచా నుంచి మీరు అడిగింది చదివాను. ఇంటి వెనక 10×14 అడుగుల రేకుల గది, చేతిలో 50 వేలు. స్టాండ్లు, గ్రిల్లుల్లాంటి చిన్న ఇనుప పనీ, స్టూళ్లు, అలమారాల్లాంటి చెక్క పనీ రెండూ చేసుకోవాలి, ముందు ఏ మిషన్ కొనమంటారు అన్నారు. నాది బల్లార్షా. బొగ్గు గని వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఇనుము ఉద్యోగంలో నేర్చుకున్నది, చెక్క ఇంట్లో చెడగొట్టి నేర్చుకున్నది.

మిషన్ సంగతి తర్వాత. ముందు నిప్పురవ్వలు ఎక్కడ పడాలో, పొట్టు ఎక్కడ పడాలో తేల్చుకోండి. నేను తేల్చుకోలేదు. ఒక మే నెల మధ్యాహ్నం బెంచీ మీద యాంగిల్ ముక్క గ్రైండర్‌తో కోసి, స్విచ్చి తీసేసి, భోజనానికి వెళ్లాను. పొద్దున చిత్రిక పట్టిన టేకు పొట్టు బెంచీ కిందే కుప్పగా ఉంది. మంట రాలేదు. వచ్చి ఉంటే అప్పుడే చూసేవాణ్ణి. రవ్వ పొట్టులోకి దిగి ఊకలో నిప్పులా లోలోపలే రాజుకుంది. గంట తర్వాత పక్కింటి మరాఠీ కాకు గోడ మీంచి కేకేసింది, మీ షెడ్డులోంచి పొగ వస్తోందని. వెళ్లేసరికి బెంచీ కాలు సగం బొగ్గయింది, పైన వేలాడదీసిన ఎక్స్‌టెన్షన్ వైరు కరిగి కారుతోంది. మెయిన్ ఆపి నాలుగు బకెట్లు పోశాను.

ఆ రోజు నుంచి గ్రైండరు, వెల్డింగు గది బయట రేకు వసారాలోనే. లోపల చెక్క, డ్రిల్లు. పని అయ్యాక పొట్టు ఎత్తి బయట పోయనిదే తలుపు వేయను. వసారాలో ఒక బకెట్ నీళ్లు, ఒక బకెట్ ఇసుక ఉంటాయి.

విడిగా పెట్టమనడానికి ఇంకో కారణం కూడా ఉంది. మా అమ్మాయికి పూజ మందిరం చేశాను. పాలిష్‌కు ముందు తడిగుడ్డతో తుడిస్తే తెల్లారేసరికి టేకు నిండా సిరా చల్లినట్టు నల్లచుక్కలు. గ్రైండర్ రజను గాల్లో లేచి చెక్క మీద కూర్చుంది. చెక్కలో ఉండే టానిన్‌కు ఇనుము, తడి తోడైతే నల్లబడుతుంది. తుమ్మ చెక్క అయితే ఇంకా ఘోరం. ఆక్సాలిక్ యాసిడ్ నీళ్లలో కలిపి రాస్తే చాలావరకు పోయింది, కానీ అది విషం. గ్లౌజులు వేసుకోవాలి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు, తర్వాత మంచినీళ్లతో కడగాలి.

ఇక డబ్బు. మొదటి ఖర్చు బెంచీ, ఇనుప ముక్కను బిగించి పట్టే వైస్. జనం ఇక్కడ పిసినారితనం చేసి మిషన్ల మీద పోస్తారు. ఊగే బెంచీ మీద ఎంత మంచి రంపమైనా వంకరగానే కోస్తుంది. ఎత్తు దగ్గర చిక్కుంది. చిత్రిక పట్టడానికి బెంచీ మణికట్టు ఎత్తులో ఉండాలి, ఆకురాయి పట్టడానికి వైస్ దవడలు మోచేతి ఎత్తులో ఉండాలి. రెండూ ఒక్క బెంచీతో కుదరవు. నేను వసారాలో 4 అంగుళాల ఇనుప పైపు పాతి, కాంక్రీట్ పోసి, నెత్తిన 10 ఎంఎం ప్లేటు వెల్డ్ చేసి దాని మీద 5 అంగుళాల వైస్ బిగించాను. ఎంత గట్టిగా కొట్టినా కదలదు. చెక్క బెంచీ లోపల తన ఎత్తులో తను ఉంది.

గ్రైండర్ 4 అంగుళాలది చాలు. దాని డిస్కు నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది, అంటే అంచు గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు. డిస్కు మధ్య ఇనుప రింగు మీద ఎక్స్‌పైరీ తేదీ ఉంటుంది, చూసి కొనండి. గార్డు తీయకండి. చెక్క కోసే పళ్ల బ్లేడు మాత్రం గ్రైండర్‌కు ఎప్పుడూ బిగించకండి. నాతో పనిచేసిన ఒకాయన బిగించి ఎడమచేతి రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు. అందుకే ఈ మాట మర్యాదగా చెప్పడం నాకు చేతకాదు.

డ్రిల్ 13 ఎంఎం చక్ (బిట్టును పట్టుకునే మూతి) ఉన్నది, స్పీడు తగ్గించుకోగలిగేది తీసుకోండి. ఇనుములో 10 ఎంఎం రంధ్రానికి నిమిషానికి 800 చుట్లు చాలు, 3 ఎంఎంకు 2,500 దాకా పోవచ్చు. చాలామంది తలకిందులు చేసి, పెద్ద బిట్టును ఫుల్ స్పీడులో తిప్పి నీలంగా మాడ్చేసి, బిట్టు నాసిరకం అంటారు. 8 ఎంఎం బోల్టుకు (ఎం8) మర తీయాలంటే 6.8 ఎంఎం బిట్టు, 6 ఎంఎంకు (ఎం6) 5 ఎంఎం బిట్టు. డ్రిల్ దగ్గర చేతికి గ్లౌజు వద్దు, చుట్టుకుంటే చెయ్యి లాగేస్తుంది.

వెల్డింగుకు ఇన్వర్టర్ రకం వెల్డింగ్ మిషన్ చాలు. ఇంటి కరెంటు మీద 2.5 ఎంఎం రాడ్డు, 70-80 ఆంపియర్లతో మొదలుపెట్టండి. వానాకాలం రాడ్లు చెమ్మ పడితే చిటపటలాడి బుడగలొస్తాయి, మూత గట్టి డబ్బాలో పెట్టండి. జీఐ పైపు వెల్డ్ చేస్తే ముందు ఆ చోట జింకు పూత గీకేయండి, ఆ తెల్లపొగకు రాత్రి జ్వరం వస్తుంది. వెల్డింగ్ అద్దం లేకుండా ఒక్క టాకా (చిన్న అతుకు) వేస్తే ఏమవుతుందిలే అనుకుంటారు. అప్పటికి ఏమీ కాదు. రాత్రి పడుకున్నాక కంట్లో ఇసుక పోసినట్టుంటుంది.

చెక్క పనికి రంపం, రందా (చిత్రిక), మూడు ఉలులు, మూలమట్టం, నాలుగు క్లాంపులు. అంతే. టేబుల్ సా (బల్లకు బిగించిన కరెంటు రంపం) ఈ ఏడు వద్దు. పెద్ద కోత ఉంటే ఆరా మిషన్‌కు (కోత మిల్లుకు) తీసుకెళ్తే గంటలో కోసిస్తారు. మిగిలిన డబ్బు ఉలికి పదును పెట్టే, నీళ్లలో నానబెట్టే రాయికి పెట్టండి, ఎందుకంటే మన టేకులో సిలికా ఉంటుంది, ఉలి అంచు తొందరగా తినేస్తుంది. ఇంకోటి, టేకుకు నూనె గుణం. జిగురు పెట్టేముందు థిన్నర్ గుడ్డతో తుడవండి, లేకపోతే అతుకు ఊడుతుంది.

టేకు ఎక్కడ కొన్నా బిల్లూ, టీపీ (అటవీ శాఖ ఇచ్చే రవాణా పర్మిట్) అడిగి తీసుకోండి. అడవి పక్కన ఉన్నాం కదా అని ఎవరో చవగ్గా ఇస్తానన్న సాగ్వాన్ (టేకు) ముక్కలు ఇంట్లో పెట్టుకోకండి, దొరికితే సమాధానం చెప్పాల్సింది మీరే. నేర్చుకోవడానికి పాత ఇళ్లు విప్పిన తలుపులు, దూలాలు నయం, ఎండీ ఎండీ ఉన్న చెక్క. కోసేముందు అయస్కాంతంతో మేకులు వెతకండి.

పనిముట్లకు మీకు బల్లార్షా కన్నా మంచిర్యాల దగ్గర. వెల్డింగ్ మిషన్ కొనేముందు మాత్రం కరెంటు బిల్లులో మీ లోడు ఎన్ని కిలోవాట్లు ఉందో, మీటరు నుంచి షెడ్డుకు ఎన్ని మీటర్లో ఇక్కడ రాయండి. వైరు ఏ సైజు వేయాలో చెబుతాను.