పొలంలో రన్‌వే వేసుకుంటానన్న మేనల్లుడికి

చిన్నా,

టెక్సస్‌లో ఫ్రిస్కో ఇల్లు అమ్మేసి కోర్సికానా వైపు 40 ఎకరాలు చూస్తున్నావని, అందులోనే గడ్డి రన్‌వే వేసుకుని నీ చిన్న విమానం, ఆ సెస్నా 172, ఇంటి ముందే పెట్టుకుంటావని మీ అమ్మ చెప్పింది. నాకు సంతోషమే, కానీ అడ్వాన్స్ ఇచ్చేముందు ఇది చదువు. మిగతావన్నీ తర్వాతైనా సర్దుకోవచ్చు గానీ భూమి ఆకారం సర్దుకోలేం.

చదరంగా ఉన్న 40 ఎకరాలంటే ఒక్కో వైపు 1320 అడుగులే రా. మూల నుంచి మూలకి కొలిచినా 1867. అవే 40 ఎకరాలు 660 వెడల్పు, 2640 పొడవు బిట్టుగా దొరికితే కథే వేరు. ఆ పొడవు కూడా ఉత్తర దక్షిణాలుగా ఉండాలి, అక్కడ ఎక్కువ రోజులు దక్షిణపు గాలే, చలికాలంలో నార్తర్ అనే చలిగాలి వస్తే ఉత్తరం నుంచి కొడుతుంది. డాలస్ పెద్ద ఎయిర్‌పోర్టు డీఎఫ్‌డబ్ల్యూలో రన్‌వేల నంబర్లు చూడు, ఎక్కువ 17, 18, 35, 36 లే, అంటే దాదాపు ఉత్తర దక్షిణాలే.

"172 కి అంత పొడవెందుకు మావయ్యా" అంటావని తెలుసు. విమానం కంపెనీ ఇచ్చే బుక్‌లో 172ఎస్ మోడల్‌కి సీ లెవెల్లో స్టాండర్డ్ డే, ఫుల్ వెయిట్‌లో నేల వదలడానికి 960 అడుగులు, 50 అడుగుల ఎత్తు దాటడానికి 1630. స్టాండర్డ్ డే అంటే 15 డిగ్రీలు. ఆగస్టు మధ్యాహ్నం 40 డిగ్రీల్లో ఆ 1630 కాస్తా 2000 దగ్గరికి పోతుంది, పొడి గడ్డికి గ్రౌండ్ రోల్లో, అంటే నేల మీద పరిగెత్తే దూరంలో, ఇంకో 15 శాతం కలపమని ఆ బుక్కే చెప్తుంది, అంటే 2100 చుట్టూ తేలుతుంది, అది కూడా కొత్త ఇంజన్‌తో కంపెనీ పైలట్ తీసిన లెక్క. గడ్డి తడిగా ఉన్నా, కాస్త పెరిగినా ఇంకా పోతుంది. అందుకే 2500 కి తక్కువైతే ఆ భూమి వద్దనే నా మాట.

ఇక కరెంటు తీగలు. స్తంభాలు కనిపిస్తాయి గానీ మధ్యలో తీగ పైనుంచి అస్సలు కనపడదు. రన్‌వే చివర 40 అడుగుల స్తంభం ఉంటే 20 అడుగులు ముందుకెళ్తే 1 అడుగు దిగే లెక్కన దానికి 800 అడుగులు ఇవతలకి వచ్చాకే చక్రం నేలకి తగలాలి, అంటే నీ 2640 లో అంత పొడవు ల్యాండింగ్‌కి లేనట్టే. అమ్మేవాడు "లైన్ భూమిలో వేయిస్తారు లెండి" అంటాడు, కరెంటు కంపెనీ నుంచి ఎస్టిమేట్ కాగితం చేతికొచ్చేదాకా ఆ మాట లెక్కలోకి తీసుకోకు. కోర్సికానాలో 1894 లో నీళ్ళ కోసం బోరు వేస్తే ఆయిల్ పడింది, అందుకని అటువైపు పొలాల్లో పాత బావులు, పైప్‌లైన్ ఈజ్‌మెంట్లు, అంటే మన భూమిలోంచి పైపు వేసుకునే హక్కులు, ఉంటాయి. టైటిల్ కాగితాల్లో వెతుక్కో, నేల చదును చేసే గ్రేడర్ దించేముందు 811 కి ఫోన్ చెయ్, భూమిలో ఏ లైన్లున్నాయో గుర్తులు పెట్టిస్తారు.

నేల సంగతి నీకు చెప్పక్కర్లేదనుకుంటా, ఆ బ్లాక్‌ల్యాండ్ అచ్చం మన గుంటూరు నల్లరేగడే. వానకి బంకలా పట్టుకుంటుంది, ఎండకి చెయ్యి దూరేంత బీటలు తీస్తుంది. చక్రాల మీది తొడుగులు, వీల్ ప్యాంట్స్, మొదటి రోజే ఊడదీసి గరాజ్‌లో పడెయ్, లోపల బురద ఎండి గట్టిపడితే చక్రం తిరగదు. ఒక వానాకాలం మొత్తం ఆ నేలని చూడు, నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయో ఫొటోలు తీసి పెట్టుకో, ఆ తర్వాతే గ్రేడింగ్. మధ్యలో కొంచెం ఎత్తు, రెండు పక్కలకి వాలు, బెర్ముడా గడ్డి, వాన వెలిసి నేల సగం ఆరాక రోలర్. పూర్తిగా ఆరాక రోలర్ తిప్పితే డీజిల్ దండగ. గడ్డి పట్టడానికి ఒక సీజన్ పడుతుంది, ఆగు. ఫైర్ యాంట్ చీమల పుట్టలు ఎండితే గట్టిగా అయిపోయి నోస్ వీల్‌ని తంతాయి, అడవి పందులు ఒక్క రాత్రిలో దున్నిపెడతాయి, కాబట్టి ఎగిరే ప్రతిసారీ ముందు ట్రక్కులో ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళి రావాల్సిందే. 40 మైళ్ళ స్పీడులో కప్పులో కాఫీ ఒలికిపోతుంటే ఆ రోజుకి విమానం బయటికి తీయకు.

కాగితాలు పెద్ద కష్టం కాదు. అమెరికా విమానయాన శాఖ ఎఫ్ఏఏ వాళ్ళ ఫారం 7480-1 పని మొదలుపెట్టడానికి కనీసం 90 రోజుల ముందు పంపాలి, అయిపోయాక 15 రోజుల్లోపు చెప్పాలి. వాళ్ళు చూసేది ఆకాశం సంగతే, కౌంటీ రూల్సు, భూమి దస్తావేజులో ఉండే డీడ్ రిస్ట్రిక్షన్లు నువ్వే చూసుకోవాలి. పక్కింటి రాంచ్ వాళ్ళకి ముందే వెళ్ళి చెప్పు, స్వీట్ బాక్స్ తీసుకెళ్ళు, వాళ్ళ ఆవులూ గుర్రాలూ ఎక్కడ మేస్తాయో కనుక్కో. ఇన్సూరెన్స్ ఏజెంట్ "పర్లేదు కవర్ అవుతుంది" అంటే ఈమెయిల్‌లో రాయించుకో, కొన్ని పాలసీల్లో ప్రైవేటు గడ్డి స్ట్రిప్ కవర్ కాదు.

మొదటిసారి దిగడం గురించి నీకంటే నాకే ఎక్కువ భయం. అమ్మాయినీ పిల్లల్నీ గడ్డి మీద చాపేసి కూర్చోబెట్టి వీడియో తీయించే ప్లాన్ ఉంటే మానెయ్. ముందు నీ మామూలు ఎయిర్‌పోర్టులో ఏ గాలికైనా అనుకున్న చోట చక్రం పెట్టగలుగుతున్నావో లేదో చూస్కో, తర్వాత గడ్డి అలవాటున్న ఇన్‌స్ట్రక్టర్‌తో వేరే గడ్డి స్ట్రిప్‌ల మీద సాఫ్ట్ ఫీల్డ్, అంటే మెత్తని నేల మీద దిగడం, లేవడం, ప్రాక్టీస్ చెయ్. నీ స్ట్రిప్‌కి పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు సగం పెట్రోల్‌తో ఆయన్ని పక్కన పెట్టుకుని వెళ్ళు, రెండు వైపుల నుంచీ కిందుగా లో పాస్ చేసి, దిగకుండా మళ్ళీ పైకి లేచి గో అరౌండ్ కొట్టు, గాలి ఎటుందో విండ్ సాక్ చూడు, రేడియోలో 122.9 మీద చెప్పుకుంటూ ఉండు. ఏమాత్రం నచ్చకపోయినా దిగకుండా వెనక్కి వచ్చెయ్. దిగాక చేతిలోని కంట్రోల్, ఆ యోక్, వెనక్కి లాగే ఉంచు, ముందు చక్రం మీద బరువు పడనీయకు. బయల్దేరేటప్పుడు సగం రన్‌వే దగ్గర ఒక తెల్ల కోన్ పెట్టుకో, ప్లాస్టిక్‌దే, రాయి కాదు. అక్కడికి చేరేసరికి నేల వదిలే లిఫ్టాఫ్ స్పీడులో 70 శాతం రాకపోతే థ్రాటిల్ కట్, ఆలోచించేది ఏం లేదు. సాయంత్రం పూట జింకలు వచ్చి నిలబడతాయి, ఆ టైమ్‌కి హ్యాంగర్‌లో ఉండు.

ఆ భూమి కొలతల మ్యాపు, సర్వే ప్లాట్, ఒకటి వాట్సాప్ చెయ్, తీగలు ఎటు పోతున్నాయో పెన్నుతో గీసి మరీ. శనివారం సంతకం అని చెప్పింది మీ అమ్మ, నేను శుక్రవారమే వస్తున్నా, ఇద్దరం కలిసి ఆ పొలం ఆ చివరిదాకా నడిచి చూద్దాం.

మీ మావయ్య