సేవల కంపెనీల్లో కొత్తదనం ఎక్కడి నుంచి వస్తుంది?

సేవలు అందించే కంపెనీలు కొత్త ఆలోచనలు చేయాలంటే ఏం తోడ్పడుతుందన్నది ప్రశ్న. కస్టమర్ ఎక్కడ ఇబ్బంది పడుతున్నాడో దగ్గరగా చూడటమే అన్నిటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. బడ్జెట్, టెక్నాలజీ ఆ తర్వాతి మాట.

బస్సు టికెట్లు ఆన్‌లైన్‌లో అమ్మే రెడ్‌బస్ సంగతే తీసుకోండి. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి వద్దామంటే ఫణీంద్ర సామాకు బస్సు టికెట్ దొరకలేదు. ఆయన అక్కడితో ఊరుకోకుండా, సీట్లు అసలు ఎలా అమ్ముడవుతాయో ట్రావెల్ ఏజెంట్లను, బస్సు ఆపరేటర్లను కలిసి ఆరా తీశారు. అప్పట్లో ఏ బస్సులో ఎన్ని సీట్లు ఖాళీయో ఏజెంటుకే తెలిసేది కాదు, ఒక్కో ఆపరేటర్‌కి ఫోన్ చేసి కనుక్కోవాల్సి వచ్చేది. అంటే ఒక బస్సులో సీటు ఖాళీగా ఉన్నా, ప్రయాణికుడికి లేదనే జవాబు రావచ్చు. ఈ చిక్కు అర్థమయ్యాకే, 2006లో మిత్రులు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కలిసి రెడ్‌బస్ మొదలుపెట్టారు. తర్వాత ఆపరేటర్లు తమ సీట్లు చూసుకునే సాఫ్ట్‌వేర్ కూడా తయారుచేసి ఇచ్చారు. ఇందులో కొత్త బస్సు ఒక్కటీ లేదు!

ఇప్పటికే నడుస్తున్న కంపెనీల్లో ఇలాంటి చిక్కులు ముందుగా తెలిసేది కౌంటర్‌లో, కాల్ సెంటర్‌లో పనిచేసేవాళ్లకి. వాళ్ల మాట పైదాకా వెళ్లే దారి ఉండాలి. ఒక బ్రాంచిలో చిన్నగా ప్రయత్నించి చూసే స్వేచ్ఛా ఉండాలి, అది ఫలించకపోతే ఇంక్రిమెంట్ కోయకూడదు. కాల్ ఎన్ని నిమిషాల్లో ముగించారన్నదొక్కటే లెక్కగడితే, కస్టమర్ చెప్పిన కొత్త సమస్యను ఆగి రాసుకునే ఓపిక ఎవరికుంటుంది?